స్టెఫెన్ కర్రీ దారి మా అబ్బాయికి పనికొస్తుందా?

మధ్యలో వచ్చి చదివేవాళ్ళ కోసం ముందు మీ ప్రశ్నను క్లుప్తంగా చెప్తాను. మీ అబ్బాయి టెన్త్ గ్రేడ్, ఎత్తు ఐదడుగుల తొమ్మిది అంగుళాలు, స్కూల్ బాస్కెట్‌బాల్ వర్సిటీ (ప్రధాన) జట్టులో ఈ ఏడాదే చోటు దొరికింది. బాస్కెట్‌బాల్ స్టార్ స్టెఫెన్ కర్రీని కూడా హైస్కూల్లో ఎవరూ పట్టించుకోలేదు కదా, చిన్న కాలేజీలో ఆడి అమెరికా ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌బీఏకి వెళ్ళాడు కదా, మా వాడికీ ఆ దారి ఉందా, దానికోసం వేసవి జట్లకు వేల డాలర్లు పెట్టొచ్చా అని అడిగారు. నేను నార్త్ కరోలినాలోని షార్లెట్ దగ్గర హైస్కూల్ పిల్లలకు చాలా ఏళ్ళుగా కోచింగ్ ఇస్తున్నాను. కర్రీ పెరిగింది ఈ ఊళ్ళోనే కాబట్టి అతని కథ ఇక్కడ జిమ్ బెంచీల మీద కూర్చున్న ప్రతి తల్లీ తండ్రీ నాకు చెప్తూనే ఉంటారు. దాదాపు అందరూ సగమే చెప్తారు.

వదిలేసే సగం ఏమిటంటే, కర్రీ ఏమీ లేని ఇంట్లోంచి రాలేదు. తండ్రి డెల్ కర్రీ ఎన్‌బీఏలో 16 సీజన్లు ఆడిన మనిషి. అందులో పదేళ్ళు షార్లెట్ హార్నెట్స్‌కే. గురి చూసి దూరం నుంచి బంతి వేయడంలో ఆయనకు పెట్టింది పేరు. తల్లి సోన్యా వర్జీనియా టెక్‌లో వాలీబాల్ ఆడారు. పిల్లాడు హార్నెట్స్ మ్యాచ్‌ల ముందు తండ్రితో పాటు కోర్టు మీదకు వెళ్ళి బంతులు వేస్తూ పెరిగాడు. ఇంటి పెరట్లో కోర్టు ఉంది, తప్పు ఎక్కడుందో కంటితో చూసి చెప్పగల తండ్రి ఉన్నాడు. ఎవరూ గుర్తించని పేద కుర్రాడి కథ అనుకుని మీ అబ్బాయి గోడకు పోస్టర్ అంటిస్తే పరవాలేదు గానీ, మీరు మాత్రం ఆ లెక్కన ప్లాన్ వేసుకోకండి.

అయినా పట్టించుకోలేదన్న మాటలో నిజం ఉంది. షార్లెట్ క్రిస్టియన్ స్కూల్లో కోచ్ షాన్ బ్రౌన్ దగ్గర ఆడేటప్పుడు కర్రీ బక్కపలచని కుర్రాడు. ఆఖరి ఏడాదికి ఆరడుగులు వచ్చినా బరువు 160 పౌండ్లు, అంటే 73 కిలోలకు అటూ ఇటూ. రాష్ట్రంలోని మేటి ఆటగాళ్ళ ఆల్ స్టేట్ జట్టుకు ఎంపికయ్యాడు, స్కూల్‌కి కాన్ఫరెన్స్ (తాము ఆడే లీగ్) టైటిళ్ళు తెచ్చాడు. అదే రాష్ట్రంలో డ్యూక్, నార్త్ కరోలినా, ఎన్‌సీ స్టేట్, వేక్ ఫారెస్ట్ అని నాలుగు పెద్ద కాలేజీ జట్లున్నాయి. ఒక్కటీ స్కాలర్‌షిప్ ఇవ్వలేదు. తల్లిదండ్రులిద్దరూ చదివిన వర్జీనియా టెక్ వాక్-ఆన్‌గా రమ్మంది. వాక్-ఆన్ అంటే జట్టులో చోటు ఉంటుంది, స్కాలర్‌షిప్ ఉండదు, ఆడిస్తారన్న భరోసా అసలే ఉండదు. తండ్రి జెర్సీకి రిటైర్మెంట్ గౌరవం (ఆ నంబర్ ఇంకెవరికీ ఇవ్వకపోవడం) ఇచ్చిన కాలేజీయే కొడుకుతో ఆ మాట అంది.

ఇక్కడ హైస్కూల్ రోజుల్లోని ఒక వేసవి గురించి వివరంగా చెప్పాలి. మీ అబ్బాయి వయసుకు బాగా పనికొచ్చే సంగతి ఇదే. పదో గ్రేడ్ దాకా కర్రీ బంతిని నడుము దగ్గర్నుంచి ఎత్తి విసిరేవాడు. చిన్నప్పుడు చేతుల్లో బలం చాలదు, రింగు పైన ఉంటుంది, అందుకని పిల్లలందరూ అలాగే మొదలుపెడతారు. అతని బంతులు పడేవి కూడా. కానీ తనకంటే పొడవైన వాడు ఎదురుగా నిలబడితే అంత కిందినుంచి వచ్చే బంతిని తేలిగ్గా కొట్టిపడేస్తాడు. కాలేజీలో అందరూ పొడవైనవాళ్ళే. డెల్ కొడుకుని కూర్చోబెట్టి ఈ సంగతి చెప్పి, బంతి తల పైనుంచి వెళ్ళేలా షాట్ మొత్తాన్ని మళ్ళీ మొదటినుంచి నేర్పారు.

ఆ వేసవిలో కర్రీ వారాల తరబడి పెయింట్ (బాస్కెట్ ముందు రంగు వేసిన గడి) దాటి బయటినుంచి బంతి వేయలేకపోయాడు. బాస్కెట్ కింద నిలబడి, చేయి నుదుటి పైకి వచ్చేలా పెట్టి, ఒకే కదలికను వందలసార్లు చేయడం. అది అలవాటయ్యాక ఒక అడుగు వెనక్కి జరగడం. అంతకు ముందు నెలలో కళ్ళు మూసుకుని వేసిన షాట్లు కూడా రింగును తాకకుండా పోయేవి. ఏడ్చిన రోజులున్నాయి, బాస్కెట్‌బాలే వద్దనిపించిన రోజులున్నాయి. పెరట్లో అర్ధరాత్రి దాకా సాగే ఆ కష్టాన్ని చూడటం తనకూ కష్టంగానే ఉండేదని తర్వాత తండ్రి చెప్పుకున్నారు. ఈ రోజు ప్రపంచమంతా చూస్తున్న షాట్ ఆ వేసవిలో పుట్టింది.

నేను కోచింగ్ ఇచ్చే పిల్లల్లో ఫారం, అంటే షాట్ వేసే తీరు, మార్చుకోవాల్సిన వాళ్ళు ప్రతి బ్యాచ్‌లోనూ ఇద్దరు ముగ్గురు ఉంటారు. మార్చుకోరు. వచ్చే వారం టోర్నమెంట్ ఉంటుంది, అందులో పాయింట్లు రావాలి, తల్లిదండ్రులు స్టాండ్స్‌లో ఫోన్ పట్టుకుని వీడియో తీస్తుంటారు. ఫారం మార్చడానికి కనీసం రెండు మూడు నెలలు చెత్తగా ఆడటానికి ఒప్పుకోవాలి. కర్రీ తన జూనియర్ ఇయర్‌కి (పదకొండో గ్రేడ్‌కి), అంటే కాలేజీ కోచ్‌లు అందరికంటే ఎక్కువగా చూసే ఏడాదికి సరిగ్గా ముందు ఆ రిస్క్ తీసుకున్నాడు. మీ వాడి షాట్ భుజం కిందినుంచి వెళ్తుంటే ఈ వేసవి టోర్నమెంట్లు సగానికి తగ్గించి ఆ పని చేయించండి. ఒక మంచి షూటింగ్ కోచ్‌కి ఇచ్చే డబ్బు, ఊరూరా తిరిగే హోటల్ బిల్లులకంటే తక్కువే అవుతుంది.

ఇక కాలేజీ సంగతికి వద్దాం. డేవిడ్‌సన్ కాలేజీ షార్లెట్‌కి ఉత్తరాన, కారులో అరగంట దూరం. రెండు వేల మంది కూడా విద్యార్థులు లేని చిన్న లిబరల్ ఆర్ట్స్ కాలేజీ, చదువులో మాత్రం గట్టి పేరు. అక్కడి కోచ్ బాబ్ మెకిల్లప్ 1989 నుంచి అదే కుర్చీలో ఉన్నారు, 2022లో రిటైరయ్యారు. కర్రీని ఆయన చిన్నప్పటి నుంచి ఎరుగుదురు. తన కొడుకూ కర్రీ పదేళ్ళలోపు పిల్లల బేస్‌బాల్ జట్టులో కలిసి ఆడారు. టెన్త్ నుంచే అతని వెంటపడ్డారు.

మెకిల్లప్ ఇంటర్వ్యూల్లో చాలాసార్లు చెప్పిన సంగతి ఒకటుంది. లాస్ వేగస్‌లో జరిగిన వేసవి టోర్నమెంట్‌లో కర్రీ ఆట చూడటానికి వెళ్ళారట. ఆ రోజు కుర్రాడు ఘోరంగా ఆడాడు. బంతిని ప్రేక్షకుల్లోకి విసిరాడు, కాలికి తగిలించుకుని పోగొట్టుకున్నాడు, షాట్లు పడలేదు. అయినా ఒక్కసారి కూడా రిఫరీ మీద చిరాకు పడలేదు, జట్టులో ఇంకొకరిని తప్పు పట్టలేదు, బెంచీ మీద కూర్చున్నప్పుడు పక్కవాళ్ళను ఉత్సాహపరుస్తూనే ఉన్నాడు, కోచ్ మాట్లాడుతుంటే కళ్ళలోకి చూసి విన్నాడు. ఆ మ్యాచ్ చూశాకే మెకిల్లప్‌కి కుర్రాడి మీద నమ్మకం కుదిరింది. కోచ్‌లు మ్యాచ్‌లో పాయింట్లొక్కటే చూస్తారనుకుంటాం. బెంచీ మీద కూర్చున్న పిల్లాడి మొహం కూడా చూస్తారు. మేమూ చూస్తాం.

నా దృష్టిలో ఈ కథకు గుండెకాయ 2006 నవంబర్‌లో ఆడిన మొట్టమొదటి కాలేజీ మ్యాచ్. ఈస్టర్న్ మిషిగన్ మీద. కర్రీ 15 పాయింట్లు చేశాడు, 13 టర్నోవర్లు చేశాడు. పదమూడు! అంటే ఒక్క మ్యాచ్‌లో పదమూడుసార్లు బంతిని ఎదుటివాళ్ళ చేతిలో పెట్టాడు. మూడు నాలుగు చేస్తేనే చాలామంది కోచ్‌లు పక్కన కూర్చోబెడతారు. ఫ్రెష్‌మన్ (కాలేజీలో మొదటి ఏడాది కుర్రాడు) అయితే ఆ సీజన్ మళ్ళీ లేవనివ్వరు. మెకిల్లప్ ఆడిస్తూనే ఉన్నారు. మర్నాడు మిషిగన్ మీద కూడా అతన్నే దింపారు. ఆ మ్యాచ్‌లో 32 పాయింట్లు, 9 రీబౌండ్లు (గురి తప్పిన షాట్ల బంతిని అందుకోవడం).

ఇదే కర్రీ డ్యూక్‌లోనో నార్త్ కరోలినాలోనో చేరి ఉంటే ఏమయ్యేదని తరచూ అడుగుతారు. ఎవరికి తెలుసు. కానీ అలాంటి జట్లలో ఒక్కో స్థానానికి దేశంలో పేరున్న కుర్రాళ్ళు ముగ్గురేసి కాచుకుని ఉంటారు. అక్కడ పదమూడు టర్నోవర్లు చేసినవాడికి మర్నాటి మ్యాచ్ ఉండదు. డేవిడ్‌సన్‌లో ఉంది. ఆ ఏడాది సగటున 21.5 పాయింట్లు చేసి, దేశంలో ఫ్రెష్‌మన్‌లందరిలో రెండో స్థానంలో నిలిచాడు. మొదటి స్థానం టెక్సస్‌లో ఆడుతున్న కెవిన్ డ్యూరాంట్‌ది.

మన వాళ్ళు కాలేజీ అనగానే ర్యాంకు చూస్తారు, పక్కింటివాళ్ళ అబ్బాయి ఏ కాలేజీలో చేరాడో చూస్తారు. చదువుకైతే సరే. ఆటకు సంబంధించినంతవరకు అడగాల్సిన ప్రశ్న ఒకటే: ఈ కోచ్ మా వాడిని ఎన్ని నిమిషాలు ఆడిస్తాడు, తప్పు చేస్తే ఎంతసేపు ఓపిక పడతాడు? దీనికి జవాబు కోచ్ మాటల్లో దొరకదు, తీపి మాటలు అందరూ చెప్తారు. ఆ జట్టులో గత నాలుగేళ్ళలో చేరిన ఫ్రెష్‌మన్‌లు మొదటి ఏడాది ఎన్ని నిమిషాలు ఆడారో, ఎంతమంది వేరే కాలేజీకి వెళ్ళిపోయారో చూడండి. ఆ లెక్కలన్నీ కాలేజీ వెబ్‌సైట్లలోనే ఉంటాయి.

రెండో ఏడాది, 2007-08, అందరికీ తెలిసిన కథ. అందులో అంతగా చెప్పుకోని ముక్క సీజన్ మొదటి సగం. మెకిల్లప్ కావాలనే పెద్ద జట్లతో మ్యాచ్‌లు పెట్టుకున్నారు. నార్త్ కరోలినా, డ్యూక్, యూసీఎల్ఏ, ఎన్‌సీ స్టేట్, అన్నిటి మీదా ఓడారు. ఎన్‌సీ స్టేట్ మీద ఒక్క పాయింట్ తేడా. పది మ్యాచ్‌లయ్యేసరికి నాలుగు గెలుపులు, ఆరు ఓటములు. అక్కడినుంచి వరుసగా పాతిక మ్యాచ్‌లు గెలిచారు.

మార్చిలో, కాలేజీ ఆటల్ని నడిపే సంస్థ ఎన్‌సీఏఏ జాతీయ టోర్నమెంట్‌కి పదో సీడ్‌గా (తమ గ్రూపులో పదో ర్యాంకుతో) వెళ్ళారు. డేవిడ్‌సన్ ఆ టోర్నమెంట్‌లో ఒక్క మ్యాచ్ గెలిచి అప్పటికి 39 ఏళ్ళు. రాలీలో గొంజాగా మీద కర్రీ 40 పాయింట్లు కొట్టాడు, అందులో 30 రెండో సగంలోనే. రెండు రోజుల తర్వాత రెండో సీడ్ జార్జ్‌టౌన్ మీద 17 పాయింట్లు వెనకబడి కూడా గెలిచారు. అక్కడా అతని 30లో 25 రెండో సగంలో వచ్చినవే. తర్వాతి మ్యాచ్ డెట్రాయిట్‌లో. విద్యార్థులు వెళ్ళి చూడటానికి బస్సు, టికెట్టు, హోటల్ ఖర్చు కాలేజీ ట్రస్టీలే పెట్టుకున్నారు. విస్కాన్సిన్ మీద 33 పాయింట్లు చేస్తుంటే ఎన్‌బీఏ స్టార్ లెబ్రాన్ జేమ్స్ స్టాండ్స్‌లో కూర్చుని చూశాడు. చివరికి కాన్సస్ మీద 59-57తో ఓడారు. ఆఖరి క్షణాల్లో బంతి కర్రీ చేతిలోనే ఉంది, ఇద్దరు మీదకు వచ్చారు, పక్కనున్న జేసన్ రిచర్డ్స్‌కి ఇచ్చాడు, అతను వేసిన మూడు పాయింట్ల షాట్ పడలేదు. ఆ ఏడాది టైటిల్ కాన్సస్‌దే.

ఆ జేసన్ రిచర్డ్స్ గురించి ఒక మాట చెప్పకపోతే అన్యాయం. ఆ సీజన్‌లో దేశం మొత్తం మీద అసిస్టుల్లో, అంటే పాయింట్ వచ్చేలా పాస్ ఇవ్వడంలో, మొదటి స్థానం అతనిదే. కర్రీ మొదటి రెండేళ్ళు బంతి లేకుండా పరుగెత్తుతూ, స్క్రీన్‌ల (అడ్డు నిలిచిన తన జట్టువాళ్ళ) చుట్టూ తిరుగుతూ, ఖాళీ దొరికిన చోట ఆగి షాట్ వేశాడంటే, సరిగ్గా ఆ క్షణానికి బంతి అందించిన మనిషి ఉన్నాడు కాబట్టి. మెకిల్లప్ నేర్పే ఆట అంతా అదే: ఆగకుండా కదలడం, పాస్ చేయడం, ఇంకొకరికి అడ్డు నిలిచి దారి ఇవ్వడం. ఎన్‌బీఏ జట్టు గోల్డెన్ స్టేట్ వారియర్స్‌లో కర్రీ బంతి వదిలేశాక చేసే పరుగుల్ని ఆపలేక ఎదుటి జట్లు తలపట్టుకుంటాయి చూడండి, ఆ పాఠం డేవిడ్‌సన్ జిమ్‌లో నేర్చుకున్నదే.

రిచర్డ్స్ చదువు ముగించి వెళ్ళిపోయాక మూడో ఏడాది కర్రీ పాయింట్ గార్డ్, అంటే బంతి పట్టుకుని ఆట నడిపించేవాడు, అయ్యాడు. ఎన్‌బీఏలో తన ఎత్తుకు ఆ స్థానమే దొరుకుతుందని అతనికి తెలుసు, కోచ్‌కీ తెలుసు. సగటున 28.6 పాయింట్లతో దేశంలో మొదటివాడిగా నిలిచాడు. ఒక్లహోమా మీద 44 కొట్టాడు. కానీ నేను మా పిల్లలకు చెప్పేది సున్నా కొట్టిన మ్యాచ్ గురించి. 2008 నవంబర్‌లో లొయోలా మేరీలాండ్ జట్టు డేవిడ్‌సన్‌కి వచ్చింది. వాళ్ళ కోచ్ జిమ్మీ పాట్సోస్, బంతి ఎక్కడున్నా సరే, మ్యాచ్ అంతా ఇద్దర్ని కర్రీకి కాపలా పెట్టారు. కర్రీ రెండు మూడుసార్లు చూసి, సంగతి అర్థమై, వెళ్ళి మూలన నిలబడిపోయాడు. కాపలావాళ్ళిద్దరూ అతని పక్కనే నిలబడ్డారు. మిగిలిన చోట డేవిడ్‌సన్‌వాళ్ళు నలుగురు, లొయోలావాళ్ళు ముగ్గురు. కర్రీ మ్యాచ్ మొత్తం మీద మూడే షాట్లు వేసి ఒక్క పాయింట్ కూడా చేయలేదు. డేవిడ్‌సన్ 78-48తో గెలిచింది. దేశంలో అందరికంటే ఎక్కువ పాయింట్లు కొట్టే కుర్రాడు సొంత ప్రేక్షకుల ముందు మూలన నిలబడటానికి ఒప్పుకున్నాడు. పదిహేనేళ్ళ పిల్లాడికి ఇది ఎక్కించడం డ్రిబ్లింగ్ నేర్పడంకంటే కష్టం.

ఆ ఏడాది కాన్ఫరెన్స్ సెమీఫైనల్లో ఓడి పెద్ద టోర్నమెంట్‌కి వెళ్ళలేకపోయారు. 2,635 పాయింట్ల స్కూల్ రికార్డుతో కర్రీ డిగ్రీకి ఏడాది మిగిలి ఉండగా, ఎన్‌బీఏ జట్లు వరుసగా కొత్త ఆటగాళ్ళను ఎంచుకునే డ్రాఫ్ట్‌కి వెళ్ళాడు. 2009 జూన్‌లో వారియర్స్ ఏడో ఎంపికగా తీసుకుంది. మిన్నెసోటా జట్టుకు ఐదు, ఆరు రెండూ ఉన్నాయి, రెండింటికీ పాయింట్ గార్డ్‌లనే తీసుకుంది, కర్రీని వదిలేసింది. ఆ తర్వాత నాలుగు చాంపియన్‌షిప్‌లు, రెండు ఎంవీపీలు (సీజన్ అత్యుత్తమ ఆటగాడి అవార్డు), 2024 పారిస్ ఒలింపిక్స్ బంగారం, ఇవన్నీ మీ అబ్బాయికి నాకంటే బాగా తెలిసుంటాయి. అతనికి తెలియని ముక్క ఒకటి చెప్పండి: డేవిడ్‌సన్‌లో డిగ్రీ పూర్తి చేయనివాళ్ళ జెర్సీని రిటైర్ చేయరు. ఎంత గొప్పవాడైనా అంతే. కర్రీ మిగిలిన కోర్సులు పూర్తి చేసి 2022లో సోషియాలజీ డిగ్రీ తీసుకున్నాక, ఆ ఆగస్టులోనే 30వ నంబర్ జెర్సీని రిటైర్ చేశారు.

అదే ఇంట్లో ఇంకో దారి కూడా ఉంది. తమ్ముడు సెత్ కర్రీకీ పెద్ద కాలేజీల నుంచి పిలుపు రాలేదు. లిబర్టీ యూనివర్సిటీలో చేరి, మొదటి ఏడాది సగటున 20 పాయింట్లు చేసి, డ్యూక్‌కి మారాడు. అప్పటి రూల్ ప్రకారం ఒక ఏడాది ఆడకుండా కూర్చోవాల్సి వచ్చింది. 2013 డ్రాఫ్ట్‌లో ఎవరూ తీసుకోలేదు. రెండేళ్ళు ఎన్‌బీఏకి కింది స్థాయి డి-లీగ్‌లో, చిన్న చిన్న కాంట్రాక్టులతో తిరిగి, ఆ తర్వాత ఎన్‌బీఏలో నిలదొక్కుకున్నాడు. తండ్రి ఒకరే, పెరటి కోర్టు ఒకటే, షాట్ కూడా దాదాపు అంత అందమైనదే. డ్రాఫ్ట్ రోజున అన్నకు ఏడో నంబరు, తమ్ముడికి ఏమీ లేదు.

ఇక ఈ రోజు సంగతి, మీ నిర్ణయం దీనిమీదే ఆధారపడాలి. కర్రీ వెళ్ళిన దారి 2006లో ఉన్నట్టు ఇప్పుడు లేదు. కోబీ బ్రయంట్, లెబ్రాన్ లాగా హైస్కూల్ నుంచి నేరుగా ఎన్‌బీఏకి వెళ్ళడం 2006 డ్రాఫ్ట్ నుంచి కుదరట్లేదు. అమెరికా పిల్లలకైతే డ్రాఫ్ట్ జరిగే ఏడాదిలో 19 ఏళ్ళు నిండాలి, హైస్కూల్ అయి ఏడాది గడవాలి. 2021 జూలై నుంచి కాలేజీ ఆటగాళ్ళు తమ పేరు, బొమ్మ మీద డబ్బు సంపాదించుకోవచ్చు. అదే ఏడాది నుంచి కాలేజీ మారితే ఏడాది కూర్చోవాలన్న రూల్ కూడా సడలింది. 2025-26 నుంచి కాలేజీలే ఆటగాళ్ళకు నేరుగా డబ్బు పంచుతున్నాయి.

దీని ఫలితం మీ అబ్బాయి లాంటి వాళ్ళ మీదే ఎక్కువ పడింది. డేవిడ్‌సన్ స్థాయి కాలేజీ కోచ్‌కి పదిహేడేళ్ళ బక్క కుర్రాడిని తీసుకుని మూడేళ్ళు తీర్చిదిద్దే ఓపిక ఉన్నా లాభం తక్కువ. బాగా ఆడిన మరుక్షణం పెద్ద కాలేజీ డబ్బు చూపించి తీసుకుపోతుంది. అందుకని ఆ కోచ్‌లు కూడా ఇంకో కాలేజీలో రెండేళ్ళు ఆడి వచ్చిన 21 ఏళ్ళ వాళ్ళనే వెతుకుతున్నారు. 2007లో ఇవే రూల్స్ ఉండి ఉంటే, మొదటి సీజన్ కాగానే కర్రీ ఫోన్ మోగుతూనే ఉండేదని నా అనుమానం. అతను డేవిడ్‌సన్‌లోనే ఉండేవాడా అంటే చెప్పలేను. 2025లో కర్రీ డేవిడ్‌సన్ జట్టుకు అసిస్టెంట్ జనరల్ మేనేజర్ పదవి తీసుకున్నాడు. ఎన్‌బీఏలో ఇంకా ఆడుతున్న మనిషి కాలేజీ జట్టుకు అలాంటి పదవిలో ఉండటం వింతగా కనిపించొచ్చు గానీ, చిన్న కాలేజీలు డబ్బు కూడగట్టడానికి ఎంత తిప్పలు పడుతున్నాయో దాన్నిబట్టే తెలుస్తుంది.

మీరు హెచ్-1 ఉద్యోగ వీసా మీద, పిల్లాడు మీ కుటుంబ సభ్యుడిగా హెచ్-4 వీసా మీద ఉంటే ఇంకో చిక్కు. విద్యార్థి వీసా, హెచ్-4 మీద ఉన్నవాళ్ళు పని చేయడంపై ఉన్న ఆంక్షలు ఈ ఆట డబ్బుకూ అడ్డొస్తాయి. ఎవరైనా చిన్న స్పాన్సర్‌షిప్ ఇస్తామన్నా ఇమిగ్రేషన్ లాయర్‌ని అడక్కుండా సంతకం పెట్టకండి.

లెక్క కూడా చూసుకోండి. దేశంలో హైస్కూల్ బాస్కెట్‌బాల్ ఆడే అబ్బాయిలు ఐదు లక్షలకు పైనే. వాళ్ళలో ఎన్‌సీఏఏ జట్లలో, అన్ని డివిజన్లూ (వన్ పై స్థాయి, త్రీ కింది స్థాయి) కలిపి, ఆడేది నూటికి ముగ్గురు నలుగురు. డ్రాఫ్ట్‌లో ఏటా తీసుకునేది ప్రపంచం మొత్తం మీద మహా అయితే 60 మందిని. మన దేశం పేరు చెప్పుకోవాలంటే, 2015లో పంజాబ్‌లోని బల్లో కే ఊరినుంచి వచ్చిన సత్నామ్ సింగ్ భమారాని డాలస్ 52వ ఎంపికగా తీసుకుంది, అతను ఎన్‌బీఏ మ్యాచ్ ఆడలేదు. అదే ఏడాది కెనడాలో పుట్టిన సిమ్ భుల్లర్ సాక్రమెంటోకి మూడు మ్యాచ్‌లు ఆడాడు. ఇద్దరూ ఏడడుగులు దాటినవాళ్ళు. భయపెట్టడానికి చెప్పట్లేదు. మీ వాడికి ఇష్టమైతే ఆడనివ్వండి, కాలేజీలో ఆడాలన్న కోరిక మాత్రం గొంతెమ్మ కోరిక కాదు.

ఎందుకంటే డివిజన్ త్రీ ఉంది. మన తల్లిదండ్రులు దీని మొహం కూడా చూడరు, ఆట స్కాలర్‌షిప్ ఇవ్వరు కాబట్టి. కానీ ఆ డివిజన్‌లో ఆడే కాలేజీలేవో తెలుసా? ఎంఐటీ, యూనివర్సిటీ ఆఫ్ షికాగో, కార్నెగీ మెలన్, ఎమరీ, జాన్స్ హాప్‌కిన్స్, ఎన్‌వైయూ. ఆట స్కాలర్‌షిప్ లేకపోయినా చదువు మీద, ఆర్థిక స్థితి మీద ఇచ్చే సాయం ఉంటుంది. అడ్మిషన్ అంచున ఉన్న పిల్లాడికి కోచ్ మాట సాయం కావచ్చు కూడా. డంకన్ రాబిన్సన్ మొదలైంది విలియమ్స్ కాలేజీలో, డివిజన్ త్రీలో. ఒక ఏడాది ఆడి మిషిగన్‌కి మారాడు, డ్రాఫ్ట్‌లో ఎవరూ తీసుకోలేదు, అయినా మయామి హీట్ తరఫున ఎన్‌బీఏ ఫైనల్స్ ఆడాడు. కానీ రాబిన్సన్ ఎత్తు ఆరడుగుల ఏడు అంగుళాలని మర్చిపోకండి.

వేసవి జట్ల ఖర్చు గురించి సూటిగా చెప్తాను. షూ కంపెనీలు నడిపే నైకీ, అడిడాస్, అండర్ ఆర్మర్ సర్క్యూట్లలో చోటు దొరికితే అక్కడికి కాలేజీ కోచ్‌లు నిజంగా వస్తారు, ఖర్చు కూడా చాలావరకు వాళ్ళే పెట్టుకుంటారు. మిగతా చాలా జట్లు మీ డబ్బు మీద నడిచే వ్యాపారాలు. డబ్బు కట్టే ముందు మూడు సంగతులు అడగండి. వాళ్ళ టోర్నమెంట్లు ఎన్‌సీఏఏ కోచ్‌లు చూడటానికి అనుమతించిన లైవ్ పీరియడ్‌లో ఉన్నాయా, గత రెండేళ్ళలో ఆ జట్టు నుంచి ఎవరెవరు ఏ కాలేజీలో చేరారు, మీ వాడు ఎనిమిదో మనిషా పన్నెండో మనిషా. మూడో దానికి జవాబు చెప్పకుండా నీళ్ళు నమిలితే వదిలేయండి. ఐదడుగుల తొమ్మిది అంగుళాల కుర్రాడికి జిల్లా స్థాయి జట్టులో ముప్పై నిమిషాలు ఆడటం, పేరున్న జట్టులో బెంచీ మీద జెర్సీ వేసుకుని కూర్చోవడంకంటే మేలు.

డివిజన్ వన్ కోచ్‌లు టెన్త్ అయ్యాక జూన్ 15 నుంచి పిల్లాడితో నేరుగా మాట్లాడొచ్చు. అప్పటిదాకా జవాబు రాకపోతే కంగారు పడకండి, రూల్ అది. ఈలోపు మీ వాడే ఈమెయిల్ రాయాలి, మీరు కాదు. తండ్రి రాసిన ఈమెయిల్ చూస్తే కోచ్‌కి ఇట్టే తెలిసిపోతుంది. మూడు నిమిషాల వీడియో, అందులో మంచి షాట్లతో పాటు డిఫెన్స్ కూడా, కింద గ్రేడ్లు, స్కూల్ కోచ్ ఫోన్ నంబర్ ఉంటే చాలు. పాట పెట్టొద్దు.

ఒక పని మాత్రం ఈ సెమిస్టర్‌లోనే చేయాలి. స్కూల్ కౌన్సెలర్‌ని కలిసి ఎన్‌సీఏఏ ఒప్పుకునే కోర్ కోర్సుల లిస్టు తీసుకోండి. డివిజన్ వన్‌కి నాలుగేళ్ళలో 16 కోర్ కోర్సులు, వాటిలో కనీసం 2.3 జీపీఏ కావాలి. ఆ పదహారులో పది, సీనియర్ ఇయర్ (ట్వెల్త్) మొదలయ్యేలోపే పూర్తవ్వాలి, వాటిలో ఏడు ఇంగ్లీష్, మ్యాథ్స్, సైన్స్‌లోనివి అయ్యుండాలి. మన పిల్లలకు గ్రేడ్ల సమస్య ఉండదు. చిక్కు ఎక్కడొస్తుందంటే, ఆన్‌లైన్లో తీసుకున్న ఏదో ఒక కోర్సు ఆ లిస్టులో లేదని ట్వెల్త్‌లో తెలుస్తుంది. ఇండియాలో నైన్త్ చదివి వచ్చిన పిల్లలైతే అక్కడి మార్కుల మెమోలు కూడా సమర్పించాలి. వాటిని స్కూల్ నుంచి తెప్పించడానికి నెలలు పడుతుంది, ఇప్పుడే మొదలుపెట్టండి.